లాటుకో అల్లుడు

తెగేదాకా లాగకూడదని పెద్దలంటారు. ఆమెకు జీతమిచ్చేదే తెగేదాకా లాగినందుకు.

ఆమె పనిచేసేది సంచుల కార్ఖానాలో. చేత్తో పట్టుకుని బజారుకు వెళ్ళే సంచులు కావు. లోపల టన్ను సిమెంటో ఎరువో పోసి, క్రేను కొక్కేనికి తగిలించి గాల్లోకి లేపే సంచులు. అలాంటి సంచి కుట్టు గాల్లో ఉండగా పిగిలిందంటే కింద నిలబడ్డవాడి పని అంతే. అందుకని రెండు వందల సంచుల్ని ఒక లాటు కింద కట్టి, లాటుకొకటి చొప్పున బయటికి తీసి, యంత్రం దవడల మధ్య బిగించి, పిగిలేదాకా లాగుతారు. ముల్లు ఎర్రగీత దాటాక పిగిలితే మిగతా సంచులన్నీ మంచివని ముద్ర. ఆ లాగే పని ఆమెది. కార్ఖానాలో అందరూ ఆమెను పిగుళ్ళమ్మ అనేవాళ్ళు. అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒక క్షణం ఆలోచించి పలికేది.

పిగల్చాల్సిన సంచిని ఎంచడానికి ఒక పద్ధతి ఉంది. చూసి ఎంచకూడదు. చూస్తే చెయ్యి మనకు తెలియకుండానే గట్టిదాని మీదికో నాసిదాని మీదికో పోతుంది. కళ్ళు మూసుకుని, గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి చాపాలి. ఏది ముందు తగిలితే అది. అలా తగిలిన సంచిని అక్కడ అల్లుడు అంటారు. మిగతా సంచుల్ని నేలమీద ఈడ్చుకుపోతారుగానీ దీన్ని ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని, మడత పడకుండా, మర్యాదగా తెచ్చి బల్లమీద పడుకోబెడతారు. ఆ తర్వాత చీలుస్తారు. "అల్లుడుగారు దయచేశారా?" అని మేస్త్రీ కేకేస్తే పరీక్ష మొదలైనట్టు.

ఇన్నేళ్ళలో ఆమె అల్లుడి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మిగతావి గట్టెక్కాయి కదా అనుకునేది. ఎనిమిదో నెల కడుపుతో డాక్టరమ్మ ఎదురుగా కూర్చునే వరకూ.

"మొదటిసారి ఆపరేషన్ ఎందుకు చేశారో గుర్తుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పాప కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చుందన్నారు."

"ఈసారి తల కిందికే ఉంది. అప్పటి ఆపరేషన్ కాగితాలు చూశాను. కోత కిందగా, అడ్డంగా పెట్టారు. నాలుగేళ్ళు దాటింది. కాబట్టి మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు. లేదు, ఆపరేషనే కావాలంటే రోజు చూసుకుని చేసేద్దాం. ఏది కోరుకున్నా తప్పు కాదు. దేని కష్టం దానికుంది."

డాక్టరమ్మ నెమ్మదిగా, వేళ్ళు మడుస్తూ చెప్పింది. ప్రయత్నించినవాళ్ళలో ఎక్కువమందికి మామూలుగానే అయిపోతుంది. కొందరికి మధ్యలో ఆపి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఆపరేషన్‌లో రక్తం పోవడం, కుట్లు చీము పట్టడం లాంటివి ఉంటాయి. కోత మీద కోత పడేకొద్దీ తర్వాతి కాన్పులు చిక్కు. మామూలు కాన్పులో పాత కోత విడిపోయే ప్రమాదం ఉంది. "అది తక్కువే. రెండు వందల మందిలో సుమారు ఒకరికి. కానీ జరిగిందంటే మీకూ బిడ్డకూ కూడా ముప్పే. దాచను. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

ముందు చెప్పినవీ తర్వాత చెప్పినవీ ఆమె చెవి దాకా వచ్చి వెనక్కి పోయాయి. రెండు వందల్లో ఒకటి అన్న మాట మాత్రం లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరు ఎంచుతారు?" అంది.

"ఏమన్నారు?"

"ఏం లేదండి."

మర్నాడు కార్ఖానాలో కొత్త లాటు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. గుట్ట చుట్టూ తిరిగింది. చెయ్యి చాపబోయింది. చెయ్యి రాలేదు. రాకపోవడమే కాదు, దానంతటది వెనక్కి పోయి నడుము మీద కూర్చుంది. రెండోసారి తిరిగింది. ఈసారి చేతికంటే ముందు పొట్ట ఒక సంచికి తగిలింది.

సంచులు మోసే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది లెక్కా?" అన్నాడు ఒకడు.

"ఏది ముందు తగిలితే అది అన్నారుగానీ, దేనికి తగలాలో చెప్పలేదుగా," అన్నాడు రెండోవాడు.

"అయితే ఎంచింది ఈవిడా, లోపలున్న బిడ్డా?"

దాని మీద పెద్ద తగువే నడిచింది. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని ఆ సంచి వంకే చూసింది. మిగతావాటికీ దానికీ ఏం తేడా లేదు. అదే గుడ్డ, అదే దారం. అది చేసిన పాపమల్లా ఆ చోట ఉండటమే. రెండు వందల మంది ఆడవాళ్ళు ఎక్కడో ఒక గోదాములో వరసగా కూర్చున్నట్టు, ఎవరో కళ్ళు మూసుకుని చెయ్యి చాపుకుంటూ వాళ్ళ చుట్టూ తిరుగుతున్నట్టు ఆమెకు అనిపించింది. ఆ నడిచే మనిషి మొహం ఎలా ఉంటుందో చూద్దామని ఎంత ప్రయత్నించినా తన మొహమే కనిపించింది. ఇంకో సంగతి కూడా ఆమెకు తట్టింది, ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అంతమందిలో తననే ఎంచుతారనుకోవడంలో భయంతోపాటు కొంచెం గొప్ప కూడా ఉంది. చిన్నప్పుడు బడిలో టీచరు ప్రశ్న అడిగినప్పుడల్లా తల వంచుకుని, తన పేరే పిలుస్తారని భయపడి, పిలవకపోతే చిన్నబోయేది. ఇదీ ఆ బాపతే.

ఇంట్లో ఈ విషయం మాట్లాడటమంటే ఒకవైపు గోడతోనూ, ఇంకోవైపు గాలివానతోనూ మాట్లాడటం.

గోడ ఆమె భర్త. అతను బస్టాండులో మైకు మీద చెప్పే ఉద్యోగి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో, ఏది రద్దయిందో రోజంతా తడబడకుండా చెప్తాడు. ఊరు ఊరంతా అతను చెప్పిన వైపే పరిగెడుతుంది. ఇంటికొచ్చాక అతని నోట్లో మిగిలేవి రెండే మాటలు: నీ ఇష్టం.

గాలివాన అత్తగారు.

"ఆపరేషనే మంచిదమ్మాయ్," అందావిడ ఉల్లిపాయలు కోస్తూ. "రోజు చెప్తారు, వేళ చెప్తారు. మనం బ్యాగు సర్దుకుని పోతాం. మామూలు కాన్పులంటావా, నాకు మూడయ్యాయి, ఒక్కడూ చెప్పి రాలేదు. వీడైతే బస్సులో పుట్టాడు. వీడికి టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు డిపో దాకా డ్రైవరుతో గొడవ. నా గోడు వినేవాడు లేడు."

"కొట్టారా నానమ్మా?" అని అడిగింది నాలుగేళ్ళ మనవరాలు. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని ఆ పిల్లకు నానమ్మ పెట్టిన పేరు ఎందుకమ్మ.

"సగం టిక్కెట్టు కొట్టాడే. చచ్చినోడు."

"ఏమండీ, మీరేమంటారు?" అని భర్తను అడిగింది ఆమె.

"నీ ఇష్టం."

"అదే అడుగుతున్నా. మీ ఇష్టం ఏంటని."

"నీ ఇష్టమే," అన్నాడతను, ఎంతో ఇచ్చినట్టు.

ఎందుకమ్మ బొమ్మ జుట్టు పీకుతూ అడిగింది: "నేను పుట్టినప్పుడు ఎలా ఉన్నాను?"

"ఎర్రగా, జుట్టు నిండా, కోతిపిల్లలా ఉన్నావు," అంది నానమ్మ.

"పిడికిళ్ళు బిగించి ఉన్నావు," అన్నాడు నాన్న.

"నువ్వు చెప్పమ్మా."

"నేను అప్పుడు నిద్రపోతున్నాను."

"ఎందుకు?"

దానికి జవాబు ఉంది. చివరి నిమిషంలో హడావుడిగా ఆపరేషన్ చేయాల్సొచ్చి పూర్తి మత్తు ఇచ్చారు. ఆమెకు తెలివొచ్చేలోగా పిల్లను ముందు డాక్టరు చూసింది, తర్వాత నర్సు, తర్వాత భర్త, తర్వాత అత్తగారు, అక్కణ్ణుంచి పిల్లను పై అంతస్తుకు తెస్తుంటే లిఫ్టు నడిపేవాడు చూశాడు. వాడు "ముక్కు అచ్చం నాన్నదే" అని తీర్పు కూడా చెప్పాడట. తుడిచి, చుట్టి, పేరు గురించి రెండు పార్టీలుగా చీలిపోయాక ఆమె చేతిలో పెట్టారు. భోజనాలయ్యాక పెళ్ళికి వచ్చినదానిలా ఆమె పిల్ల మొహం చూసి, "బాగుంది" అంది. అందరూ నవ్వారు. ఇంతకీ ఆ పెళ్ళి తనదే. ఆనాటి నుంచీ పిల్ల ఏడ్చినప్పుడల్లా ఆమెకు లోపల ఏదో మూలన ఒక అనుమానం: ఈ పిల్ల తనను క్షమించిందా, లేక లిఫ్టువాడి కోసం ఏడుస్తోందా?

ఎందుకమ్మకు మాత్రం, "మందు ఇచ్చారు" అని చెప్పి ఊరుకుంది.

సంచిని పొట్ట ఎంచిందన్న కథ ఆ సాయంత్రానికే మేస్త్రీ చెవిన పడింది. కార్ఖానాలో మేస్త్రీ అంటే గౌరవమే. కానీ ఆయనకు ఒక జబ్బు ఉంది: ప్రపంచంలో ఏ విషయాన్నయినా రెండు వందలు కుట్టి లాగితే తేలిపోతుందని నమ్మకం. కూతురికి సంబంధాలు చూసేటప్పుడు కూడా అలాంటి ఆలోచనే చేశాడనీ, భార్య అడ్డుపడిందనీ అంటారు.

"ఏంటమ్మాయ్, నీ చెయ్యి లేవడం లేదంట?"

డాక్టరమ్మ అన్నదంతా ఆమె చెప్పింది.

మేస్త్రీ మొహం విప్పారింది. "ఓస్, ఇంతేనా! లాటుకొకటి. మన లెక్కేగా! దీనికి ఆసుపత్రి చుట్టూ తిరగడమెందుకు, మనం లేమూ?"

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి పని మొదలైంది. కుట్టు విభాగంలో అందరికంటే పాతది సూది పిన్ని. ఆవిడ కడుపుకి నమూనాగా పుచ్చకాయంత సంచులు రెండు వందలు కుట్టడానికి కూర్చుంది. ప్రతిదానికీ కిందగా, అడ్డంగా ఒక కోత పెట్టి మళ్ళీ కుట్టాలి.

"కడుపుకి ఒక వరస కుట్టా, రెండు వరసలా?" అంది సూది పిన్ని కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

ఎవరికీ తెలీదు. మేస్త్రీ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "ఏ వార్డండీ?" అంది అవతలి అమ్మాయి. "వార్డు కాదమ్మా, దారం గురించి," అన్నాడు మేస్త్రీ. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. "రెండు వరసలేనట," అని ప్రకటించాడు మేస్త్రీ.

తర్వాత ఇంకో చిక్కు. లోపల నీళ్ళ తిత్తి పెట్టి నొక్కాలి సరే, ఎంత బలంతో?

"పుట్టేవాడి బలం ఎంతుంటుందంటారు?" అన్నాడు సంచులు మోసేవాడు.

"మా మనవడు తంతే అల్మారా తలుపు ఊడింది," అంది సూది పిన్ని.

"వాడికి ఆరేళ్ళు పిన్నీ."

"వాడు మొదటి నుంచీ అంతే."

అలా అల్మారా తలుపును ఆధారం చేసుకుని ఒక బరువు ఖాయం చేశారు. వారం రోజులు భోజనాల గంటలో ఎవరూ సరిగా తినలేదు. ఒకరు నింపడం, ఒకరు బిగించడం, ఒకరు అరవడం. ఆమె చేత మాత్రం మీట ముట్టనివ్వలేదు. "ఇది నీ కేసు, నువ్వు చూడు అంతే," అన్నాడు మేస్త్రీ. ఆమె స్టూలు మీద కూర్చుని తన కడుపు తన కళ్ళముందే వరసగా దవడల్లోకి వెళ్ళి నొక్కుళ్ళు తిని బయటికి రావడం చూసింది. ప్రతి సంచికీ లోపల ఎక్కడో బిగుసుకుని, అది నిలబడగానే వదులయ్యేది. కడుపులో బిడ్డ కూడా ప్రతిసారీ ఒక తన్ను తన్ని ఓటేసేది.

ఏదీ పిగల్లేదు. సగం అయ్యేసరికి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత చప్పట్లు తగ్గాయి. నూట తొంభై తొమ్మిదోది కూడా చెక్కుచెదరకుండా బయటికి వచ్చాక బల్లమీద ఒక్క సంచి మిగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు.

మేస్త్రీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "రెండు వందల్లో ఒకటి పిగులుతుందని చదువుకున్న డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటిదాకా ఏదీ పిగల్లేదు. అంటే..."

"అంటే అదే," అంది సూది పిన్ని.

"దాన్నీ పెట్టి చూస్తే పోలా?" అన్నాడు సంచులు మోసేవాడు.

"పెడితే? పిగిలిందనుకో, ఈ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? పిగల్లేదనుకో," మేస్త్రీ గొంతు తగ్గించాడు, "మరి ఆ ఒకటి ఎక్కడున్నట్టు?"

అందరి కళ్ళూ మెల్లగా తిరిగి ఆమె పొట్ట మీద ఆగాయి.

ఇది పిచ్చి లెక్క అని ఆమెకు తెలుసు. సంచులకు తమ వరస నంబరు తెలీదు. ముందున్నవి నిలబడ్డాయి కాబట్టి చివరిది పిగిలి తీరాలని లేదు. తెలిసినా అరచేతులు చెమట పట్టాయి. మెదడుకు తెలిసినవన్నీ అరచేతులకు చెప్పడానికి దారి లేదు. ఆమె లేచి ఆ సంచిని మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది.

"జాగ్రత్త," అన్నాడు మేస్త్రీ, బాంబును సాగనంపినట్టు.

దాన్ని ఇంట్లో ఎక్కడ దాయాలో తోచక గుడ్డల కింద పెట్టింది. ఎందుకమ్మకు తెలియని దాపు ఆ ఇంట్లో లేదు. ఆదివారం పొద్దున ఆమె ముందుగదిలోకి వచ్చేసరికి పిల్ల సంచి మూతి తెరిచి బొమ్మను లోపలికి కుక్కుతోంది. బొమ్మ తర్వాత రెండు గ్లాసులు, చెప్పు, తాళం కప్ప వెళ్ళాయి. తర్వాత సంచిని మెడకు తగిలించుకుని గదంతా ఊరేగింది. గిరగిరా తిప్పింది. మంచం మీదినుంచి కిందికి విసిరింది. దాని మీద ఎక్కి గెంతింది.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆపమని అరవాలనుంది. అరిస్తే ఎందుకని అడుగుతుంది. ఆ ఎందుకుకు జవాబు తన దగ్గర లేదు. పిల్ల గెంతినప్పుడల్లా ఆమె చెయ్యి పొత్తికడుపు కిందికి పోయి, పాత కోత దగ్గర, పిగులుతుంటే పట్టుకుందామన్నట్టు ఆనుకుంది.

"ఏంటే అలా నిలబడ్డావు, నొప్పులా?" అని వచ్చింది అత్తగారు. కోడలి చూపు వెంట చూసి, "ఆ సంచికేం కాదులే. గట్టిదే," అంది.

"ఎలా చెప్పగలరు అత్తయ్యా?"

"నిన్న దాంట్లోనే బంగాళాదుంపలు తెచ్చా."

ఆ వారమే మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఈసారి భర్త కూడా వచ్చి, పక్క కుర్చీలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నిర్ణయించుకున్నారా?" అంది డాక్టరమ్మ.

"ముందు ఒకటి అడగాలండి. ఆ రెండు వందల్లో ఒకరిని ఎవరు ఎంచుతారు?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నవ్వలేదు. "ఎవరూ ఎంచరమ్మా."

"కళ్ళు మూసుకునైనా సరే, ఎవరో ఒకరు ఉండాలి కదండీ."

"లేరు. ఎవరికి జరుగుతుందో ముందే చెప్పగలిగితే నేనే చెప్పేదాన్ని."

ఎంచేవాడు లేడన్న మాట విని ఆమెకు ఊరట కలగలేదు. తిట్టుకోవడానికి కూడా ఒక మొహం లేకుండా పోయింది. గోదాము చుట్టూ నడిచే మనిషి ఆగిపోయాడు. గోదాము మాత్రం అలాగే ఉంది.

"ఆ కుట్టు ఎలాంటి దారంతో వేశారో కాగితాల్లో ఉందాండీ? నాలుగేళ్ళయింది, దారం చీకిపోయి ఉండదా?"

"ఏ దారం?"

"కుట్టు వేసిన దారం."

"అది ఇప్పుడు లేదుగా. కొన్ని నెలలకే కరిగిపోతుంది. అలాంటి దారమే వాడతారు."

సూది పిన్ని వేసిన రెండు వరసలు, మేస్త్రీ ఫోను, అల్మారా తలుపు, వారం రోజుల భోజనాలు. అదంతా లేని దారం కోసం. నాలుగేళ్ళుగా ఆమె బరువైనదేదీ ఎత్తకుండా, గట్టిగా తుమ్మకుండా కాపాడుకొస్తున్నది లేని కుట్టును.

"మరి పట్టుకుని ఉన్నదేంటి?"

"మీరే," అంది డాక్టరమ్మ. "మీ కండే అతుక్కుంది. ముందున్నంత గట్టిగా ఉంటుందని మాట ఇవ్వలేను. అందుకే ప్రమాదం ఉందంటున్నా. కానీ అది గుడ్డ కాదు, దారమూ లేదు."

ఆమె తన చేతుల వంక చూసుకుంది. తర్వాత అడిగింది:

"పిగిలేదాకా లాగుతారా?"

"లాగం. మొదటి నుంచీ బిడ్డ గుండె చప్పుడు చూస్తూనే ఉంటాం. ఏ కాస్త తేడా అనిపించినా ఆపేస్తాం. పక్కనే ఆపరేషన్ గది సిద్ధంగా ఉంటుంది. మత్తు ఇచ్చే డాక్టరు ఇక్కడే ఉంటారు. ఆ ఏర్పాటు లేని చోట నేను ఒప్పుకోను. అయినా నూటికి నూరుపాళ్ళు అని చెప్పను."

"మీరెక్కడుంటారు?"

"ఇక్కడే."

"నేను?"

ఆ ప్రశ్న ఎవరూ అడగరు. డాక్టరమ్మ "మీరూ ఇక్కడే," అంది. "ఆ మాటకొస్తే ఈసారి ఆపరేషన్ అయినా నడుముకే మత్తు ఇస్తాం, మెలకువగానే ఉంటారు."

"మెలకువగా ఉండటం వేరండీ, డ్యూటీలో ఉండటం వేరు. పోయినసారి నేను సెలవులో ఉన్నాను. ఈసారి నేనుంటాను. మామూలు కాన్పుకే ప్రయత్నిద్దాం. మీరు ఆపమంటే ఆపేద్దాం, నాకేం పట్టింపు లేదు. కానీ మొదలుపెట్టేటప్పుడు మాత్రం నేనుండాలి."

డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

ఆమెకు ఆ రెండు మాటలూ ముందే వినిపించాయి. కానీ అతను బ్యాగును కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అతని నోట్లోంచి వచ్చింది బస్టాండు గొంతు, తడబాటు లేనిది, ఊరంతా నమ్మేది.

"గమనించగలరు," అన్నాడు. "నాకు చాలా భయంగా ఉంది."

అని తలుపు వంక చూశాడు, ఏ ప్లాట్‌ఫాం మీదికి పోవాలో తెలియనట్టు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళూ నీ ఇష్టం అన్నది ఉదారత కాదనీ, ఉదాసీనతా కాదనీ, భయంతో కళ్ళు మూసుకుని గుట్ట దగ్గరికి తనను ముందు తోయడమనీ అర్థమైంది. కోపం రావాల్సిన చోట ఆమెకు నవ్వొచ్చింది.

"నాకూ ఉంది," అంది.

నిర్ణయం విని అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "టిక్కెట్టు సంగతి నువ్వే చూసుకో," అని బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. మేస్త్రీకి దారం లేదన్న సంగతి చెప్తే మాత్రం తట్టుకోలేకపోయాడు. "దారం లేకుండా కుట్టా!" అని రోజంతా గొణిగాడు. సాయంత్రం యంత్రం పక్కన కూర్చుని తన పొట్ట మీది పాత అపెండిసైటిస్ మచ్చను చొక్కా ఎత్తి అనుమానంగా చూసుకుంటుండగా సూది పిన్ని కంటపడ్డాడు.

నొప్పులు ఒక మధ్యాహ్నం, బట్టలు ఆరేస్తుండగా మొదలయ్యాయి. ఆసుపత్రిలో ఆమె పొట్టకు రెండు పట్టీలు బిగించి, మంచం పక్కనున్న యంత్రానికి తగిలించారు. యంత్రంలో ఒక ముల్లు బిడ్డ గుండె చప్పుడును కాగితం మీద గీతగా గీస్తోంది. ఆమెకు అక్కడ తెలిసినదల్లా అదొక్కటే.

"ఎర్రగీత ఎక్కడుందండీ?" అని నర్సును అడిగింది.

"ఎర్రగీతేంటమ్మా?"

"ఎక్కడిదాకా తట్టుకోవాలో చూపించే గీత."

"అలాంటిది ఉంటే నేనూ కొనుక్కుని ఇంటికి తీసుకుపోయేదాన్ని," అంది నర్సు. "గట్టిగా ఊపిరి తీసుకో తల్లీ."

నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె దవడల మధ్య ఉంది. పోయినప్పుడల్లా దవడల బయట, ముల్లు చూస్తూ ఉంది. లాగేదీ తనే, తట్టుకునేదీ తనే, పక్కన నిలబడి చూసేదీ తనే. ఒకే మనిషికి ఇన్ని ఉద్యోగాలు ఏ కార్ఖానా ఇవ్వదు. ఒకసారి ముల్లు గీసే గీత కిందికి జారింది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కగదిలో లైటు వెలిగింది. "ఎడమ పక్కకి తిరగండి," అంది డాక్టరమ్మ. ఆమె తిరిగింది. కింద అంచు దగ్గర, పాత చోట, ఏమైనా విడిపోతోందేమోనని చెవిపెట్టి వింది. అక్కడ నిశ్శబ్దంగా ఉంది. దారం లేని చోట పట్టుకుని ఉన్నదెవరో పట్టుకునే ఉన్నారు. గీత మెల్లగా పైకి వచ్చింది.

"ఇంకా చూద్దామా?" అంది డాక్టరమ్మ. నిజంగానే అడిగింది, మర్యాదకు కాదు.

"చూద్దాం. నేనున్నాను."

సాయంత్రానికి నర్సు, "వచ్చేసింది, తల కనిపిస్తోంది. కళ్ళు తెరిచి ఇటు చూడమ్మా, చూడు," అంది.

చూడాలని నాలుగేళ్ళ నుంచి ఎదురుచూస్తోంది. అందరికంటే ముందు, తుడవకముందు, లిఫ్టువాడి కంటే ముందు. ఆ ఒక్క క్షణం కోసమే ఇంత దూరం వచ్చింది. సరిగ్గా ఆ క్షణంలో ఆమె రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయాయి. పదేళ్ళ పని అది; ఒళ్ళు దాని అలవాటు అది చేసుకుపోయింది. తెరవాలని ఎంత ప్రయత్నించినా రెప్పలు వినలేదు. చెయ్యి మాత్రం లేచింది. నెలరోజులుగా లేవని చెయ్యి, చీకట్లోకి, కిందికి చాపుకుంటూ వెళ్ళింది.

తడిగా, వేడిగా, వెంట్రుకలతో ఏదో తగిలింది.

"ఇదే," అంది ఆమె.

బయట వరండాలో భర్త అందరికీ వినపడేలా చెప్పాడు: "గమనించగలరు. పాప. ఇద్దరూ క్షేమం."

"ప్లాట్‌ఫాం నంబరు కూడా చెప్పరా," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు ఎందుకమ్మ మెడకు సంచి తగిలించుకుని చెల్లిని చూడటానికి వచ్చింది. మేస్త్రీ ఆ సంచిని తిరిగి ఇమ్మని కబురు పెట్టాడట, లాటు పూర్తి చేయాలని. తను ఇవ్వనని చెప్పిందట. ఉయ్యాలలోకి తొంగిచూసి, పెద్దగా మెచ్చుకోకుండా, తల్లి వైపు తిరిగింది.

"ఇది పుట్టినప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"అక్కడే ఉన్నా."

"చూశావా?"

చూశానని చెప్పడానికి నోరు తెరిచింది. కాదనేవాళ్ళు ఎవరూ లేరు. "లేదు," అంది. "కళ్ళు మూసుకుపోయాయి."

"మళ్ళీనా!"

అత్తగారు పకాలున నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పొట్ట పట్టుకుని, ఏం పిగిలినా పిగలనీ అన్నట్టు నవ్వింది.

"మరి నీకెలా తెలిసింది?" అంది పిల్ల, వదలకుండా.

"చెయ్యి చాపాను. తగిలింది."

ఎందుకమ్మ ఆలోచించింది. తర్వాత సంచి కింద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి ముందుకు చాపి మంచం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. చెయ్యి ఉయ్యాల మీదుగా వెళ్ళింది, ఆగలేదు. నానమ్మ దాకా వస్తే ఆవిడ ముక్కు కాపాడుకుంటూ వెనక్కి వంగింది. మంచం చివర దుప్పటి కిందినుంచి బయటికి వచ్చిన తల్లి మడమ మీద ఆ చెయ్యి పడి ఆగింది.

"దొరికింది," అంది పిల్ల, కళ్ళు తెరవకుండానే.